మలుపులో మోటారుబండి: వెనుక స్వేబారును బలపరచుట

మోటారుబండి తిన్నని బాటపై పోవునపుడు దాని గుణదోషములు మనకంతగా తెలియవు. మలుపు వచ్చినప్పుడే దాని స్వభావము బయటపడును. కొన్ని బండ్లు డ్రైవరు త్రిప్పినంత తిరుగక, బాట వెలుపలికి ముక్కుపెట్టి పోవును. కొన్ని ముక్కును చక్కగా త్రిప్పి, తోకను వెలుపలికి విసరును. మరికొన్ని గాలికి పడవ ఒరిగినట్లు ఒకప్రక్కకు ఒరిగి లోపలివారిని భయపెట్టును. పాతకార్లలో ఈ లక్షణములు మరింత స్పష్టముగా కానవచ్చును.

ఇట్టి కార్లపై మక్కువగల యువకులు వానిని బాగుచేయబూనినపుడు మొట్టమొదట తలపెట్టు మార్పులలో నొకటి, వెనుకవైపు స్వేబారును లావైనదానితో మార్చుట. అసలు లేనిచోట క్రొత్తగా అమర్చుట. ఇంజనుపనితో పోల్చిన ఖర్చు తక్కువ. పని ఒక పూటలో ముగియును. ఫలితము వెంటనే తెలియును. కావుననే దీనికింత పేరు. కాని యీ కడ్డీ చేయు పని యెట్టిదో తెలియక అమర్చినయెడల, ఎండలో సంతోషము కలిగించినదే వానలో ప్రాణము మీదికి తెచ్చును. ఈ పాఠములో మేము ఆ పనిని మొదటినుండి వివరింపబూనుచున్నాము. తరగతిలో నేర్చిన భౌతికశాస్త్ర నియమములు నాలుగైదింటికన్న నెక్కువ యిందు అక్కరలేదు. కావున చిన్న తరగతులవారును, శాస్త్రము చదువని తల్లిదండ్రులును నిదానముగా చదివినచో గ్రహింపగలరు.

1. బండి యేల ఒరగును?

ఘాట్‌రోడ్డుమీద బస్సులో పోయినవారందరును ఈ సంగతి నెరుగుదురు. బస్సు ఎడమకు తిరిగినపుడు మనము కుడికి ఒరుగుదుము. మన దేహము తిన్నగనే పోవజూచును. బస్సు మాత్రము ప్రక్కకు తిరుగును. ఇదియే జడత్వము. బండి మలుపు తిరుగవలెనన్న టైర్లు నేలను పట్టుకొని, బండిని మలుపు లోపలివైపునకు త్రోయవలెను. ఈ త్రోపుడు నేలమట్టమున కలుగును. బండి బరువంతయు కూడియున్నట్లు భావింపదగిన గరిమనాభి యన్ననో నేలకు మూరెడు పైన నుండును. క్రింద లోపలికి త్రోపుడు, పైన తిన్నగా పోవు పట్టుదల: ఈ రెంటి నడుమ జిక్కి బండి వెలుపలికి ఒరగును. వెలుపలి చక్రములపై బరువు హెచ్చును. లోపలి చక్రములపై అంతబరువే తగ్గును.

ఎంత హెచ్చునో లెక్క కట్టి చూతము. బండి బరువు 1120 కిలోలు, గరిమనాభి ఎత్తు అరమీటరు, కుడియెడమ చక్రముల నడిమి దూరము 1.4 మీటర్లు అనుకొందము. ఆ బండి గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 10 మీటర్ల వేగమున, 20 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో తిరుగుచున్నది. వేగము యొక్క వర్గమును వ్యాసార్ధముచే భాగింపగా 5 వచ్చును. ఇది గురుత్వ త్వరణములో ఇంచుమించు సగము. కావున ప్రక్కకు కలుగు బలము బండి బరువులో సగము, అనగా 560 కిలోల యెత్తు. దీనిని 0.5 చే గుణించి 1.4 చే భాగింపగా 200 వచ్చును. అనగా 200 కిలోల బరువు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు మారినదన్నమాట.

ఈ లెక్కలో స్ప్రింగుల ప్రసక్తిగాని, స్వేబారు ప్రసక్తిగాని లేదని విద్యార్థులు గమనింతురుగాక. బరువు, ఎత్తు, వెడల్పు, వేగము, మలుపు: ఇవియే యందు గలవు. ఎంత లావు కడ్డీ వేసినను ఆ 200 కిలోలు ఇంచుమించు 200 కిలోలుగనే యుండును. బండి ఒరుగుట తగ్గినందున బరువు మారుట ఆగిపోయినదని తలచుట చాలమంది చేయు పొరపాటు. ఒరుగుట కంటికి కనబడును. బరువు మారుట కంటికి కనబడదు.

2. కడ్డీ చేయు పని

స్వేబారు అనగా స్ప్రింగు ఉక్కుతో చేసిన కడ్డీ. దీనినే స్టెబిలైజరు బారు అనియు, ఆంటీరోల్ బారు అనియు అందురు. దీనికి మొదటి పేటెంటు 1919వ సంవత్సరమున కెనడాదేశమందలి ఫ్రెడరిక్టన్ నివాసియగు స్టీఫెన్ కోల్‌మన్ అను నాతనికి లభించెను. చతుర్భుజము యొక్క నాలుగు భుజములలో నొకటి తీసివేసినచో మిగులు ఆకారమే సామాన్యముగా దీని ఆకారము. నడిమిభాగము బండికి అడ్డముగా పోవును. అది రెండుచోట్ల రబ్బరు బుష్‌లలో ఇమిడి బండి అడుగునకు బిగింపబడియుండును. రెండు కొనలును చేతులవలె వంగి, చిన్న లింకు రాడ్ల మూలమున కుడియెడమ చక్రములను మోయు భాగములతో కలుపబడును. వెనుక ఇరుసు ఒకే దూలమువలె నుండు కొన్ని బండ్లలో కడ్డీని ఇరుసునకే బిగించి, చేతులకొనలను బండి అడుగునకు కలుపుదురు. పని మాత్రము ఒక్కటే.

తడిబట్టను ఇద్దరు పట్టుకొని పిండుట తలచుకొనుడు. ఇద్దరును ఒకేవైపునకు త్రిప్పినచో బట్ట ఊరక తిరుగును, మెలిపడదు. ఒకరు ఇటు, ఒకరు అటు త్రిప్పినప్పుడే మెలిపడి యెదురు తిరుగును. స్వేబారు సంగతియు నట్టిదే. వేగనిరోధకపు గట్టుపై రెండు చక్రములును ఒక్కసారిగా పైకి లేచినపుడు కడ్డీ తన బుష్‌లలో ఊరక తిరుగును. ఏ అడ్డును కలిగింపదు. మలుపులో వెలుపలి చక్రము బండి అడుగునకు చేరువై, లోపలి చక్రము దూరమైనపుడు కడ్డీ మెలిపడును. మెలిపడిన ఉక్కు మరల తిన్నగా కావలెనని పెనుగులాడుచు, ఒరుగుచున్న బండిని నిలబెట్టజూచును. అట్లు చేయుటలో అది లోపలి చక్రమును నేలనుండి పైకి లాగును, వెలుపలి చక్రమును నేలకు అదుమును. అనగా ఆ ఇరుసుపై బరువు మారుటను హెచ్చించును. ఈ వాక్యము పాఠమంతటికిని కీలకము గావున మరల చెప్పుచున్నాము: కడ్డీ ఏ ఇరుసుపై నున్నదో ఆ ఇరుసునందు బరువు మారుట హెచ్చును, మొత్తము మారదు గావున, రెండవ యిరుసుపై అంతయే తగ్గును.

3. టైరు స్వభావము

ఇక టైరు సంగతి. బరువు హెచ్చినకొలది టైరు నేలను ఎక్కువగా పట్టుకొనును. కాని బరువు రెట్టింపైనంతమాత్రమున పట్టు రెట్టింపు కాదు. తరగతికొరకు కల్పించిన అంకెలతో చూపెదము. నిజమైన టైర్ల అంకెలు వేరైనను క్రమము మాత్రమిదియే. ఒక టైరుపై 100 కిలోలున్న పట్టు 100. 200 కిలోలున్న 190. 300 కిలోలున్న 270. 400 కిలోలున్న 340. 500 కిలోలున్న 400 అనుకొందము. ఒక ఇరుసుపై రెండు చక్రములకును 300 చొప్పున బరువున్నచో మొత్తము పట్టు 540. అదే బరువు 200, 400గా విడిపోయినచో మొత్తము 530. అదియే 100, 500గా విడిపోయినచో 500 మాత్రమే. మొత్తము బరువు 600 కిలోలు మారలేదు. పట్టు మాత్రము తగ్గినది.

ఇద్దరు కూలీలు చెరియొక బుట్ట మోసినచో ఇద్దరును చురుకుగా నడతురు. ఒకనికి బుట్టన్నర, రెండవవానికి అరబుట్ట ఇచ్చినచో, అరబుట్టవాని సౌఖ్యము బుట్టన్నరవాని ప్రయాసను పూడ్చజాలదు. టైర్ల జత కూడ నిట్లే. రెంటి బరువులు సమానముగా నున్నంతసేపు జత బలముగా పట్టుకొనును. భేదము పెరిగినకొలది జత బలహీనమగును.

ఇప్పుడు మొదటి లెక్కకు మరలుదము. మన బండి 1120 కిలోలలో ముందు ఇరుసుపై 620, వెనుక ఇరుసుపై 500 ఉన్నవనుకొందము. మారిన 200 కిలోలలో ముందు ఇరుసు 120, వెనుక ఇరుసు 80 పంచుకొన్నవి. అప్పుడు ముందు చక్రములపై బరువు 430, 190. వెనుక చక్రములపై 330, 170. ఇక వెనుక లావైన స్వేబారు వేసితిమి. 200 కిలోలును చెరి నూరుగా పంచబడెను. ముందు చక్రములపై 410, 210. వెనుక చక్రములపై 350, 150. ముందు జతలో భేదము తగ్గెను గావున పట్టు పెరిగెను. వెనుక జతలో భేదము పెరిగెను గావున పట్టు తగ్గెను. బండి ముక్కు ఇంతకుముందుకన్న చురుకుగా తిరుగును.

ఇందులో మాయ యేమియు లేదు. వెనుక స్వేబారు బండికి క్రొత్త పట్టును ప్రసాదింపలేదు. ఉన్న పట్టును పంచు విధమును మార్చినది. ముందు టైర్లకు ఇచ్చినదానిని వెనుక టైర్లనుండి తీసికొనెను. వెనుకటైర్లయొద్ద మిగులు ఉన్నంతవరకు ఈ అప్పు మేలే. మిగులు లేనిచోట అదియే హాని.

4. ఒక మందు, ఇద్దరు రోగులు

ముందు టైర్లు మొదట జారి బండి వెలుపలికి పోవుటను ఆంగ్లమున అండర్‌స్టీర్ అనియు, వెనుక టైర్లు మొదట జారి తోక తిరిగిపోవుటను ఓవర్‌స్టీర్ అనియు అందురు. ఈ రెండు రోగములకును అమెరికాదేశపు పాతకార్లలో చక్కని దృష్టాంతములు రెండు గలవు.

మొదటిది ఫోర్డు కంపెనీవారి మస్టాంగు. ఇది 1964 ఏప్రిల్ 17వ తేదీన ప్రజలయెదుటికి వచ్చెను. ఇంజను ముందువైపున నుండును; ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో ముక్కు మరింత బరువు. వెనుక ఒకే దూలపు ఇరుసు, దానికి కమానుకట్టలు. ముందువైపున స్వేబారు గలదు, వెనుకవైపున లేదు. ముక్కుబరువు, ముందు మాత్రమే స్వేబారు: ఈ రెండును కలిసినందున మలుపులో ముందు టైర్లే మొదట అలసిపోవును. అట్టి బండికి వెనుకవైపున మితమైన స్వేబారు అమర్చుట న్యాయమైన వైద్యమే. ఫోర్డువారు తామే 1970లో బాస్ 302 అను మస్టాంగునకు వెనుక స్వేబారు నమర్చిరి.

అయినను ఇక్కడ ఒక విశేషము గమనింపదగియున్నది. పందెముల యందు ఆరితేరిన కారల్ షెల్బీ 1965లో మస్టాంగునుండి జి.టి. 350 అను బండిని తయారుచేసినపుడు వెనుక స్వేబారు వేయలేదు. ముందువైపున ఒక అంగుళము లావుగల స్వేబారు వేసి, ముందు చక్రములను పట్టు పైచేతుల కీలును ఒక అంగుళము క్రిందికి దింపి, గట్టి షాక్ అబ్సార్బర్లను అమర్చెను. ముందు కడ్డీని లావు చేసినచో ముక్కు ఇంకను జారవలెను గదా యని అడుగవచ్చును. సమాధానమేమన, ఆ బండిలో బండి ఒరిగినపుడు ముందు చక్రములు కూడ వెలుపలికి వాలి, టైరు అంచుమీద నడచుచుండెను. కీలును దింపుటచేతను, ఒరుగుట తగ్గించుటచేతను టైరు నేలపై సమముగా ఆనెను. అందువలన కలిగిన లాభము, కడ్డీవలన కలిగిన నష్టమును మించెను. కావున వెనుక కడ్డీ కొనుటకు పూర్వము ముందు చక్రములు నేలపై సరిగా ఆనుచున్నవా యని చూడవలెనని యీ కథ నేర్పుచున్నది.

రెండవ రోగి షెవ్రొలే కంపెనీవారి కార్వేరు. ఇది 1960 నమూనాగా, 1959 అక్టోబరులో అమ్మకమునకు వచ్చెను. దీని ఇంజను వెనుకవైపున నుండెను గావున బరువులో అధికభాగము వెనుక ఇరుసుపైననే. వెనుక చక్రముల ఇరుసులు నడుమనుండి రెక్కలవలె పైకి క్రిందికి ఊగునట్టివి. గట్టి మలుపులో తోక పైకి లేచినపుడు వెలుపలి చక్రము బండిక్రిందికి ముడుచుకొనుట కవకాశముండెను. మొదటి నమూనాలలో ముందువైపున స్వేబారు లేదు. ముక్కు అతిచురుకుగా తిరుగకుండుటకై కంపెనీవారు ముందుటైర్లలో 15 పౌనులు, వెనుకటైర్లలో 26 పౌనులు గాలి నింపుమని నిర్దేశించిరి. రెండుచోట్లను సమానముగా గాలి నింపినచో ఆ జాగ్రత్త వ్యర్థమే. 1964 నమూనాలో ముందు స్వేబారును, వెనుక చక్రములు ముడుచుకొనకుండుటకు అడ్డముగా నొక కమానును చేర్చిరి. 1965 నమూనాలో వెనుక ఏర్పాటునంతయు మార్చివేసిరి. అదే సంవత్సరము నవంబరులో రాల్ఫ్ నాడర్ అను న్యాయవాది ప్రకటించిన గ్రంథము ఈ బండిని తీవ్రముగా విమర్శించెను. 1972లో అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా శాఖవారి నివేదిక, ఆ కాలపు తోటిబండ్లకన్న ఇది విశేషముగా అపాయకరము కాదని తేల్చెను. వాదము లెట్లున్నను మన పాఠమునకు కావలసినది స్పష్టము: ఇట్టి బండికి వెనుక లావైన కడ్డీ వేయుట మంటలో నూనె పోయుటవంటిది. దానికి మందు ముందు ఇరుసుపై నున్నది.

ఒకే కడ్డీ ఒకనికి మందు, ఒకనికి విషము. రోగిని చూడక మందు వ్రాయు వైద్యుని మనము వైద్యుడందుమా?

5. తయారుచేసినవారు కావలెననియే ముక్కు జారునట్లు చేయుదురు

మంచి ఇంజనీర్లు గల కంపెనీవారు ముక్కు జారెడు బండ్ల నేల తయారుచేసిరని సందేహము కలుగవచ్చును. ఇది అజ్ఞానమువలన గాదు, మనుష్యస్వభావము నెరిగినందువలననే. మలుపులో వేగము మించినదని తోచినపుడు సామాన్యుడైన డ్రైవరు రెండు పనులు చేయును: స్టీరింగును ఇంకను త్రిప్పును, ఆక్సిలరేటరునుండి కాలు తీయును. ముక్కు జారెడు బండికి ఈ రెండును అంతగా హాని చేయవు. కాలు తీయగానే బండి బరువు ముందుకు వాలి ముందు టైర్లకు పట్టు దొరకును. బండి మెల్లగించి మరల దారికి వచ్చును.

వెనుక కడ్డీ మితిమీరిన బండిలో అదే పని యెట్లగునో చూడుడు. వెనుకటైర్లు ఇదివరకే అంచున నున్నవి. కాలు తీయగానే బరువు ముందుకు వాలి వెనుకటైర్లు తేలికపడును. ముక్కు ఇంకను లోపలికి తిరుగును, తోక వెలుపలికి పోవును, బండి బొంగరమువలె తిరుగును. దీనిని సరిదిద్దుటకు స్టీరింగును వెనువెంటనే ఎదురుదిశకు త్రిప్పవలెను. పందెముల వారికిది అభ్యాసము. రాత్రివేళ, వాన తుంపరలో, వెనుకసీటులో తల్లియు పిల్లలును కూర్చుండగా ఇంటికి వచ్చు గృహస్థునకు ఇది అభ్యాసము కాదు. వానలో పట్టు ముందే తక్కువ గావున జారుట తక్కువ వేగముననే మొదలగును, హెచ్చరికయు స్వల్పము. కావున కొంచెము ముక్కు జారు గుణమును బండిలో మిగిల్చియుంచుట పిరికితనము కాదు. ఇతరుల ప్రాణములయెడ గౌరవము.

6. లావు కొంచెము, బలము మిక్కిలి

స్వేబారు మెలికి ఎదురుతిరుగు బలము దాని వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. అనగా వ్యాసమును నాలుగుమార్లు వ్రాసి, వానిని ఒకదానితో నొకటి గుణింపవలెను. 16 మిల్లీమీటర్ల కడ్డీని తీసి 18 మిల్లీమీటర్లది వేసినచో లావు రెండు మిల్లీమీటర్లే పెరిగినను బలము 1.6 రెట్లగును. 19 వేసినచో ఇంచుమించు రెట్టింపు. 20 వేసినచో దాదాపు రెండున్నర రెట్లు. 22 వేసినచో మూడున్నర రెట్లకు పైగా! చేతికి రెండు కడ్డీలును ఒక్కటిగనే తోచును. బండికి మాత్రము అవి ఒక్కటి కావు. "కొంచెము లావుదే గదా" యని కొనువారు ఈ లెక్కను మరువరాదు.

చేతుల పొడవు కూడ ముఖ్యమే. చేయి పొట్టియైనకొలది కడ్డీ గట్టిపడును. ఇది పొడవు యొక్క వర్గమునకు విలోమముగా నుండును. 250 మిల్లీమీటర్ల చేతిని 200 చేసినచో బలము ఒకటిన్నర రెట్లకు కొంచెము పైన. కావుననే సర్దుబాటు గల కడ్డీల చేతులకొనలయందు రెండు మూడు రంధ్రములుండును. కొనకు దగ్గరనున్న రంధ్రము మెత్తన. మెలికకు దగ్గరనున్నది గట్టి.

కొన్ని కడ్డీలు లోపల బోలుగా గొట్టమువలె నుండును. ఇది మోసము కాదు. మెలిని ఎదిరించుపని యెక్కువగా వెలుపలి పొరలే చేయును. 22 మిల్లీమీటర్ల కడ్డీలో 14 మిల్లీమీటర్ల బోలు చేసినచో బరువు నూటికి 40 వంతులు తగ్గును. బలము నూటికి 16 వంతులు మాత్రమే తగ్గును. వెదురుబొంగు బోలుగా నుండియు బలముగా నుండుట మనమెరిగినదే.

7. పనికి పూర్వము, పని వేళ, పని పిమ్మట

కడ్డీ కొనుటకు పూర్వము బండిని పరీక్షింపవలెను. మొదట టైర్లు: నాలుగును ఒకే జాతివా, అరిగినవా, ఏండ్లు గడచి గట్టిపడినవా, గాలి నిర్దేశించినంత యున్నదా? వెనుక అరిగిన టైర్లు గల బండికి వెనుక కడ్డీ బలపరచుట కేవలము సాహసము. రెండవది షాక్ అబ్సార్బర్లు: నూనె కారుచున్నవా? మూడవది ఉన్న స్వేబారు యొక్క బుష్‌లు, లింకు రాడ్లు. రబ్బరు అరిగి సందు ఏర్పడినచో కడ్డీ ఆ సందు పూడువరకు ఏ పనియు చేయదు. పాతకారు ఒరుగుటకు ఇదియే కారణమై, క్రొత్త బుష్‌లు వేయగానే బాగుపడుటయు గలదు. నాలుగవది త్రుప్పు. గట్టి కడ్డీ తాను పట్టుకొన్నచోటును గట్టిగా లాగును. త్రుప్పుపట్టిన రేకునకు బిగించిన బ్రాకెట్టు ఒకనాడు రేకుతో కూడ ఊడివచ్చును.

పని వేళ బండిని సమమైన గట్టినేలపై నిలిపి, ముందు చక్రములకు చెక్కమేకులు పెట్టి, జాకీతో లేపి, బలమైన స్టాండ్లపై నుంచవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండిక్రిందికి పోరాదు. కడ్డీని రెండువైపుల సమదూరమున అమర్చి, నట్లను మొదట వదులుగా బిగించి, బండి బరువు చక్రములపై నిలిచిన పిమ్మట పానాతో నిర్దేశించినంత బిగింపవలెను. ఒకవైపు లింకు పొడవు, ఒకవైపు పొట్టి యైనచో బండి తిన్నగా నిలిచినపుడే కడ్డీ మెలిపడియుండును. అప్పుడు ఎడమ మలుపున కొక గుణము, కుడి మలుపున కొక గుణము కలుగును. చక్రములు మిక్కిలి పైకి లేచినను, మిక్కిలి క్రిందికి దిగినను కడ్డీ బ్రేకుగొట్టములకుగాని, పెట్రోలు ట్యాంకుకుగాని, సైలెన్సరుకుగాని తగులరాదు. పాలియురితేన్ బుష్‌లైనచో వానికి తగిన గ్రీజు పూయవలెను. లేనిచో కీచుమని అరచుచుండును.

పని పిమ్మట పరీక్ష. సర్దుబాటు గల కడ్డీయైనచో అన్నిటికన్న మెత్తని రంధ్రముతో మొదలుపెట్టవలెను. జనసంచారము లేని విశాలమైన మైదానమున, యజమాని అనుమతితో, తక్కువ వేగమున, మొదట పొడినేలపై, తరువాత తడినేలపై వృత్తాకారముగా నడిపి చూడవలెను. ఒకసారి ఒకటే మార్పు చేయవలెను. కడ్డీని, టైరుగాలిని ఒకేదినమున మార్చినవానికి ఏది యేమి చేసినదో తెలియదు. ప్రయోగశాలలో వలెనే ప్రతి మార్పును, ప్రతి ఫలితమును పుస్తకమున వ్రాసికొనుట మేలు. కొంతదూరము నడచిన పిమ్మట నట్లు వదులైనవేమో మరల చూడవలెను.

నష్టములును చెప్పుట న్యాయము. ఒక చక్రము గుంటలో పడినపుడు గట్టి కడ్డీ ఆ కుదుపును రెండవ చక్రమునకు చేరవేయును. గుంటలు నిండిన మన పల్లెబాటలపై బండి ఇటు అటు తల ఊపినట్లు ఊగును. వెనుక చక్రములచే నడచు బండిలో లోపలి వెనుకచక్రము తేలికపడినచో మలుపు మధ్య ఆక్సిలరేటరు త్రొక్కగానే అది ఊరక తిరుగును. ఆ చక్రము నేలను పూర్తిగా విడిచినచో కడ్డీ ఇచ్చెడు మేలు అంతటితో సరి.

8. ముగింపు

ఈ పాఠమందలి సారమిది. వెనుక స్వేబారు పట్టును పుట్టింపదు, పంచును. ముక్కు జారెడు బండికి మితముగా నమర్చిన మేలు. తోక జారెడు బండికి అమర్చిన కీడు. టైర్లు అరిగిన బండికి ఎంత యమర్చినను వ్యర్థము. సామెతల గ్రంథమున త్రాసును, తూనికరాళ్ళను గూర్చి చదివిన మన విద్యార్థులకు ఇందలి భావము క్రొత్త కాదు. ఒక తట్టలో వేసినది రెండవ తట్టకు తెలియకపోదు. ఒక్క భాగమును బలపరచినంత మాత్రమున మొత్తము బలపడదు. దాని ప్రక్కనున్న భాగమేమి కోల్పోవుచున్నదో చూచువాడే నిజమైన పనివాడు. యంత్రమునందును, ఇంటియందును, పాఠశాలయందును ఈ నియమమొక్కటే.

యువకులారా, బండిని బాగుచేయుడు. మీ చేతులు నూనెమరకలు పడుట మాకు సంతోషమే. కాని పానా పట్టుటకు పూర్వము పెన్సిలు పట్టుడు. మీ బండిలో మీ వెనుక కూర్చుండువారు మీ లెక్కను నమ్మి కూర్చుందురు.

అభ్యాసము

(1) 18 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 20 మిల్లీమీటర్లది వేసినచో బలము ఎన్ని రెట్లగును? (జవాబు: సుమారు 1.52.)

(2) పై పాఠమందలి బండి గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. 200 కిలోల బరువే మారవలెనన్న మలుపు వ్యాసార్ధమెంత యుండవలెను? వేగము రెట్టింపైన వ్యాసార్ధము రెట్టింపు చాలునా? (జవాబు: 80 మీటర్లు, చాలదు, నాలుగు రెట్లు కావలెను.)

(3) రెండు చక్రములును ఒకేసారి గట్టు నెక్కినపుడు స్వేబారు ఏల పనిచేయదు? ఒక తడిగుడ్డతో తరగతిలో చూపుడు.

(4) మీ యింటనో, పొరుగింటనో ఉన్న కారు ఇంజను ఏ వైపున నున్నది, ఏ చక్రములు దానిని నడుపును, స్వేబారు ముందున్నదా, వెనుకనున్నదా, రెండుచోట్లనున్నదా? పెద్దల సమక్షమున, బండి నిలిచియుండగా చూచి పటము గీయుడు.